రంగు మారిన మట్టి, కొట్టేయమన్న అంకెలు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఏలూరులో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కొల్లేరు మట్టిలో సేంద్రియ కర్బనం ఎంత ఉందో చూడమని మా సార్ ప్రాజెక్టు ఇచ్చారు. కిక్కిస గడ్డి పెరిగిన చోట, గట్టు తెగిన పాత చేపల చెరువులో, కొల్లేటి నీళ్లు సముద్రానికి వెళ్లే ఉప్పుటేరు వైపు మట్టి తీశాను. మొదటి రోజే మోకాలి దాకా దిగబడి ఏడ్చేశాను. తీసినప్పుడు మట్టి నీలంగా, నల్లగా ఉంది. వారం తర్వాత ల్యాబులో కవర్లు విప్పితే గోధుమరంగులో ఉంది. కవర్లు తారుమారయ్యాయేమోనని ఒకటే టెన్షన్. పైగా కిక్కిస మట్టిలో కంటే ఉప్పుటేరు వైపు మట్టిలోనే కర్బనం ఎక్కువ వచ్చింది. ఆ ఉప్పుటేరు అంకెలు రెండూ కొట్టేసి మిగతావి రాసెయ్యమని ఒక సీనియర్ చెప్పారు. మా నాన్నగారేమో బురద పిసకడానికా డిగ్రీ అంటున్నారు. మీరూ డిగ్రీలో ఉండగా కొల్లేట్లోనే పని చేశారని ఒకసారి రాశారు. అప్పుడు మీకెలా ఉండేది? నేనిప్పుడు ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు అంకెలూ కొట్టేయకు. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం. మా కాలేజీ పిల్లల్ని పిలిచినట్టే నిన్నూ నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నీ కవర్లు తారుమారయ్యి ఉండవు. మట్టే మారింది. ఇది నాకూ జరిగింది కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను.

2009 ఏప్రిల్. కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేసి అప్పటికి మూడేళ్లు. గట్లు తెగిన చెరువుల్లో కొన్ని చోట్ల తుంగ, జమ్ము లేస్తున్నాయి, కొన్ని చోట్ల గుర్రపు డెక్క పరుచుకుంది. ఆ మట్టి మళ్లీ సరస్సు మట్టిలా మారుతోందా అన్నది నా ప్రాజెక్టు. అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి కాగితం చేతికొచ్చేసరికి నెల పట్టింది. నువ్వు కూడా ఆ కాగితం నకలు ఒకటి ఎప్పుడూ సంచిలో పెట్టుకో. కైకలూరు వైపు నుంచి వెళ్లేవాళ్లం. ఆటపాక దగ్గర గూడబాతులు స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని ఉండేవి. అవి చూసుకుంటూ లంక గ్రామం చేరితే అక్కడొక పెద్దాయన తాటి దోనెలో మమ్మల్ని తీసుకెళ్లేవారు. బాబాయ్ అని పిలిచేదాన్ని.

మొదటి రోజు నేనూ దిగబడ్డాను. తొడ దాకా. భయంతో కాలు పైకి లాగే కొద్దీ ఇంకా బిగిసింది. అప్పుడు బాబాయ్ చెప్పింది ఇవాళ్టికీ పిల్లలకు చెబుతుంటాను: "కాలు లాగమాక. వెనక్కి వాలి, మడమ అటూ ఇటూ కదుపు. నీళ్లు కిందికి దిగాక అదే వదులుద్ది." నిజంగానే వదిలింది. కాలి కింద ఖాళీ ఏర్పడి అక్కడికి గాలో నీళ్లో చేరలేకపోవడం వల్లే ఆ పట్టు. ఆ తర్వాత ఎప్పుడూ కిక్కిస దుబ్బుల మీదే అడుగు వేశాను. దుబ్బు లేని చోట చెక్క పలక పరుచుకున్నాను. నువ్వు ఏడ్చినందుకు సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ దిగకు.

పీవీసీ గొట్టంతో తొలి ముద్ద తీసి చీల్చినప్పుడు లోపలి రంగు చూసి నోట మాట రాలేదు. పైన రెండు వేళ్ల మందం గోధుమరంగు. దాని కింద నీలం కలిసిన బూడిదరంగు. అక్కడక్కడా కాటుకలాంటి నల్లటి మచ్చలు. సన్నటి వేళ్లు దిగిన దారుల వెంబడి తుప్పు రంగు గీతలు. దోనెలో కూర్చుని ఆ ముద్దను ఒళ్లో పెట్టుకుని బాబాయ్‌తో మాట్లాడుతూ మధ్యాహ్నం అన్నం తిన్నాం. తిని చూసేసరికి నల్లటి మచ్చలు చాలావరకు లేవు. నేనేదో పాడుచేశాననే అనుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

నీళ్లు నిలిచిన మట్టిలో సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను ఒకటి రెండు రోజుల్లోనే వాడేస్తాయి. గాలి నీళ్లలోంచి మట్టిలోకి చాలా నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ఆ లోటు తీరదు. అయినా అవి బతకాలి కదా, అందుకని ఆక్సిజన్ బదులు నైట్రేటును వాడుకుంటాయి. అదయ్యాక మాంగనీసు, ఆ తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేటు. చివరికి మీథేను పుడుతుంది. బాబాయ్ గెడ వేసినప్పుడల్లా బుడబుడమని పైకొచ్చే బుడగల్లో ఉండేది ఎక్కువగా అదే. మట్టికి ఎర్రటి, గోధుమ రంగులిచ్చేది తుప్పు రూపంలో ఉన్న ఇనుము. గాలి అందకపోతే ఆ ఇనుము నీటిలో కరిగే రూపానికి మారి కదిలిపోతుంది, మిగిలిన మట్టి నీలిబూడిద రంగులోకి వస్తుంది. సల్ఫేటు నుంచి పుట్టిన సల్ఫైడు ఇనుముతో కలిస్తే నలుపు. ఆ ముద్దను పైకి తీసి గాలి తగలనిస్తే కథంతా వెనక్కి తిరుగుతుంది. నలుపు నిమిషాల్లో, గంటల్లో విరుగుతుంది. నీలం రోజుల్లో గోధుమరంగుకు వస్తుంది. మూతి ముడేసిన మామూలు పాలిథిన్ కవర్లో వారం ఉంటే నీ మట్టికి జరిగింది అదే.

అంటే నువ్వు ల్యాబుకు తెచ్చింది కొల్లేటి మట్టే గానీ, కొల్లేట్లో ఉన్నప్పటి మట్టి కాదు. చిత్తడి నేలలో పరిశోధన ఇక్కడే మామూలు పొలం మట్టికి వేరుగా ఉంటుంది. గొట్టం చీల్చిన మొదటి ఐదు నిమిషాల్లో నువ్వు రాసుకున్నదాన్ని మళ్లీ ఏ యంత్రమూ ఇవ్వదు. నీ నోటుబుక్కులో "నీలం, నలుపు" అని ఉంటే అదే అసలు రికార్డు. ల్యాబులో కనిపించిన రంగును దాని పక్కన రాయి, దాని స్థానంలో రాయకు. ఇక నుంచి మట్టి రంగును పోల్చి చూసుకునే మన్‌సెల్ రంగుల పుస్తకం దోనెలోకే తీసుకెళ్లు. మీ కాలేజీలో లేకపోతే దగ్గర్లోని వ్యవసాయ కళాశాల వాళ్లను అడగండి, ఒక రోజుకు ఇస్తారు. పెన్ను వాడకు, పెన్సిల్ వాడు. చీటీని మట్టిలో వేయకుండా రెండో కవర్లో వెయ్యి. నా మొదటి తొమ్మిది చీటీల్లో ఐదింటి మీద సిరా కరిగిపోయి ఒక రోజు పనంతా మళ్లీ చేశాను.

ఇనుము ఏ రూపంలో ఉందో అక్కడికక్కడే తెలుసుకోవడానికి ఆల్ఫా ఆల్ఫా డైపిరిడిల్ అనే ద్రావణం ఉంది. అప్పుడే విరిచిన ముద్ద మీద చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది, అంటే గాలి అందని ఇనుము ఉన్నట్టు. మట్టి తవ్వి తీసే ఆగర్ (బర్మా) ఇనుపది కాబట్టి దానికి తగిలిన మట్టి మీద వేస్తే తప్పుడు గులాబీ రావచ్చు, చేత్తో విరిచిన లోపలి భాగం మీదే వెయ్యాలి. అది విషపదార్థం, గ్లవ్స్ తప్పనిసరి. మట్టిలో గాలి అందుతోందో లేదో కొలిచి చెప్పే ప్లాటినం ఎలక్ట్రోడు మా కాలేజీలో ఉండేది కాదు. మా గైడ్ మేడమ్ ఒక ఉపాయం చెప్పారు. పూత లేని మామూలు ఇనుప చువ్వలు కొని, గరుకు కాగితంతో రుద్ది, మట్టిలోకి నిలువునా దించి నెల రోజులు వదిలేశాం. తీసి చూస్తే గాలి అందినంత లోతు వరకే తుప్పు పట్టింది, ఆ కింద చువ్వ నల్లగా ఉంది. ఎక్కడి దాకా గాలి దిగుతోందో స్కేలు పెట్టి కొలుచుకున్నాం. కిక్కిస మధ్యలో దించిన చువ్వల మీద తుప్పు ఒక గీతలా ఆగలేదు, వేళ్లు తగిలిన చోటల్లా కింద కూడా మచ్చలుగా కనిపించింది. కిక్కిస, జమ్ము, వరి, ఇవన్నీ తమ కాండంలో ఉన్న గాలి గొట్టాల గుండా వేళ్లకు ఆక్సిజన్ పంపుకుంటాయి. మిగిలింది మట్టిలోకి కారుతుంది. వేళ్ల చుట్టూ ఆ ఎర్రటి గీతలు అందుకే.

ఇక ఉప్పుటేరు వైపు అంకెలు. నువ్వు వాడింది వాక్లీ–బ్లాక్ పద్ధతే అయ్యుంటుంది, మన డిగ్రీ ల్యాబులన్నీ అదే చేస్తాయి. పొటాషియం డైక్రోమేటు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, మిగిలిన డైక్రోమేటును ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటుతో కొలుస్తాం. ఎంత డైక్రోమేటు ఖర్చయితే అంత కర్బనం ఉందని లెక్క. కానీ డైక్రోమేటు కర్బనానికే ఖర్చవుతుందని ఎవరు చెప్పారు? ఉప్పులోని క్లోరైడు కూడా దాన్ని తింటుంది. గాలి తగలని ఇనుమూ తింటుంది. సముద్రం నీరు ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా వెనక్కి ఎగదన్నుతుందని నీకు తెలుసు. అటువైపు మట్టిలో ఉప్పు ఉంటే కర్బనం లేకున్నా ఉన్నట్టే చూపిస్తుంది.

నాకు సరిగ్గా ఇదే ఎదురైంది. నేను నా సీనియర్ మాట విని ఒక అంకెను "పొరపాటు" అని పక్కన రాసి కొట్టేశాను. గైడ్ మేడమ్ నోటుబుక్కు తిరగేసి ఆ గీత దగ్గర ఆగారు. తిట్టలేదు. "ఏం పొరపాటు జరిగిందో రాయలేదేమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ మట్టినే నీళ్లలో కలిపి ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) చూడమన్నారు. మిగతా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. ఆ తర్వాత ఆమ్లంలో సిల్వర్ సల్ఫేటు కలిపి మళ్లీ చేశాం. సిల్వర్ క్లోరైడును పట్టుకుని కింద కూర్చోబెడుతుంది, డైక్రోమేటు జోలికి పోనివ్వదు. కర్బనం అంకె తగ్గింది, కిక్కిస మట్టి కంటే కిందికి దిగింది. నేను కొట్టేసిన అంకే నాకు ఉప్పుటేరు సంగతి చెప్పింది. ఆ గీత ఉన్న పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది: ముందు ఆ మట్టి ఈసీ చూడు. సిల్వర్ సల్ఫేటు ఖరీదు, కాలేజీ మొత్తానికి కొనమని అడగకుండా ఆ రెండు మూడు నమూనాలకు సరిపడా అడుగు. మట్టిని నీడలో బాగా ఆరబెట్టాకే పరీక్ష చెయ్యి, అప్పుడు ఇనుము చాలావరకు తుప్పు రూపంలోకి వచ్చేస్తుంది. ఆరబెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. కొల్లేటి బంకమన్ను పూర్తిగా ఎండితే ఇటుకే. సగం ఆరి, చేత్తో చిదిమితే పొడిపొడిగా రాలే దశలోనే నలిపెయ్యి. నేను ఆలస్యం చేసి రోకలితో రెండు రోజులు దంచాను. మళ్లీ చేసినా అంకె ఎక్కువే వస్తే ఎక్కువనే రాయి. అప్పుడు అది నిజంగా కొత్త సంగతి.

శాతం ఒక్కటే రాసి ఆగిపోకు. ఒక ఘనపు సెంటీమీటరు మట్టి ఆరితే ఎన్ని గ్రాములుంటుందో, అంటే బల్క్ డెన్సిటీ కూడా కావాలి. 1 శాతం కర్బనం, 1 గ్రాము డెన్సిటీ, 10 సెంటీమీటర్ల లోతు అనుకుంటే హెక్టారుకు 10 టన్నుల కర్బనం. డెన్సిటీ తెలియకపోతే ఈ లెక్క కట్టలేం. గొట్టం దించేటప్పుడు లోపలి మట్టి అణిగిపోతుంది, అందుకని గొట్టం బయట మట్టి ఎంత ఎత్తులో ఉందో, లోపల ఎంత ఉందో రెండూ కొలిచి రాసుకో. పైకి లాగే ముందు గొట్టం పైమూతి రబ్బరు బిరడాతో గట్టిగా మూసెయ్, లేకపోతే సగం మట్టి జారిపోతుంది. 550 డిగ్రీల దగ్గర కాల్చి బరువు తగ్గుదల చూసే పద్ధతి కూడా కొందరు చెబుతారు. మన బంకమన్నులో మట్టి రేణువుల లోపలి నీరు కూడా ఆ వేడికి పోతుంది, అదంతా సేంద్రియ పదార్థం ఖాతాలో పడుతుంది. పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకు.

మీ నాన్నగారి గురించి. మా నాన్నా అదే మాట అన్నారు. వరి రైతు, బురదలోంచి నన్ను బయటపడేయడానికే చదివించానని బాధపడ్డారు. ఒక రోజు కిక్కిస వేరుతో పాటు ఒక మట్టి పలకను తడిగుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకెళ్లాను. వేరు చుట్టూ ఎర్రటి గీత చూపించాను. ఆయన పలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "వరి వేరు కూడా ఎర్రగా ఉంటే పైరుకు ఢోకా లేదు, నల్లబడిందంటే నీళ్లు తీసి ఆరగట్టాల్సిందే" అన్నారు. నేను మూడు నెలలు చదివి తెలుసుకున్నది ఆయన నలభై ఏళ్లుగా చేస్తున్నారు. వేరు నల్లబడటమంటే సల్ఫైడు చేరిందని నేను చెప్పాను. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఆయన మాట్లాడింది మట్టి గురించే, డిగ్రీ ఊసెత్తలేదు. మీ నాన్నగారికి కూడా మాటలతో చెప్పకు. ఒక పలక కోసి చేతిలో పెట్టు.

కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు (ఎత్తు గీత) ఎక్కడిదాకా, ఏది చెరువు, ఏది సరస్సు అన్న గొడవలు కొల్లేటి చాంతాడంత ఉన్నాయి. ఆ గొడవల్లో అందరూ మాట్లాడతారు, కానీ అడుగున మట్టి ఎలా ఉందో కూర్చుని చూసినవాళ్లు తక్కువ. నీ మూడు చోట్ల పనీ ఆ లోటులో కొంత పూడుస్తుంది. అందుకే ఆ అంకెలు నాకు ముఖ్యం. ప్రాజెక్టు పూర్తయ్యాక నాకొక ప్రతి పంపు, చదువుతాను.

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర. చేపల చెరువు ఎండగట్టినప్పుడు అడుగు మట్టి నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో ఉంటోంది. నల్ల మట్టి బలమైనదని ఈ మట్టి పొలానికి తోలుకుందామనుకుంటున్నాను. మంచిదేనా?
– ఒక ఆక్వా రైతు

జవాబు: అయ్యా, తొందరపడకండి. రేగడి నలుపు వేరు, ఈ నలుపు వేరు. పైన ఆ అమ్మాయికి చెప్పిన ఇనుము, సల్ఫైడు నలుపే ఇది. తినకుండా మిగిలిన మేత, రెట్ట అడుగున చేరి, గాలి చాలక కుళ్లిందని అర్థం. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. నీటి పీహెచ్ తగ్గే కొద్దీ చేపకు దాని విషం పెరుగుతుంది.

చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండనివ్వండి. నెర్రెల గుండా గాలి దిగి నలుపు విరిగి బూడిదరంగుకు వస్తుంది. సల్ఫైడు గాలికి మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, కాబట్టి సున్నం ఎంత వేయాలో ఎండిన తర్వాత పీహెచ్ చూసి నిర్ణయించుకోండి, అలవాటుగా వేసేయకండి. పొలానికి తోలేముందు నాలుగైదు చోట్ల మట్టి కలిపి భూసార పరీక్ష కేంద్రంలో పీహెచ్, ఈసీ రెండూ చేయించండి. ఈసీ 4 దాటితే దాన్ని ఉప్పు నేలగానే లెక్కిస్తారు, వరి నారుకు అది పడదు. అంకె తక్కువగా ఉంటే మొదట ఒక మడికి మాత్రమే తోలి ఒక పంట చూసుకోండి.

ప్రశ్న: తొలకరి వానకు వచ్చే మట్టి వాసన, కొల్లేరు బురద వాసన ఒకటేనా టీచర్? మా అమ్మ కొల్లేరు చేప కూడా మట్టి వాసన వస్తుందంటుంది.
– ఎనిమిదో తరగతి విద్యార్థి, ఆకివీడు

జవాబు: భలే ప్రశ్న అడిగావు నాన్నా. బురద గెలికితే వచ్చే కోడిగుడ్డు వాసన సల్ఫైడుది, గాలి లేని చోట పుడుతుంది. తొలకరి వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని గాలి ఆడే మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. మన ముక్కు దాన్ని చాలా కొద్దిగా ఉన్నా పట్టేస్తుంది.

చెరువుల్లో నీలి ఆకుపచ్చ నాచు కూడా ఇదే జియోస్మిన్‌ను తయారుచేస్తుంది. అది మొప్పల గుండా చేపలోకి చేరి కొవ్వులో నిలిచిపోతుంది. మీ అమ్మగారు చెప్పే మట్టి వాసన అదే. పట్టిన చేపను కొన్ని రోజులు మంచినీళ్లలో వదిలితే మెల్లగా తగ్గుతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన పోతుంది, కాబట్టి ముక్కలను కాసేపు చింతపండు రసంలో నానబెట్టి, ఆ తర్వాత పులుసు పెట్టమని అమ్మకు చెప్పు.